సొంత బ్రౌజర్ ఇంజిన్ రాయదలచినవారు శ్రమనూ ఖర్చునూ అంచనా వేసుకోవడం ఎలా?

బ్రౌజర్ తయారుచేయాలని సంకల్పించినవారు మొట్టమొదట తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: క్రోమియం (గూగుల్ క్రోమ్‌కు ఆధారమైన, ఎవరైనా వాడుకోగల కోడ్) మీద తమ హంగులు అమర్చుకుంటారా, లేక ఇంజిన్‌నే, అంటే పేజీ కోడ్‌ను చదివి తెరపై చూపే భాగాన్నే, మొదటినుంచి రాస్తారా? మొదటి దారిలోనూ క్రోమియం భద్రతా సవరణలను ఎప్పటికప్పుడు కలుపుకునే పని తప్పదు గాని, దానిని చిన్న బృందమైనా నెట్టుకురాగలదు. రెండో దారిలో చాలాకాలం నడిచిన ఒపెరా 2013లోనూ, డబ్బుకు కొదవలేని మైక్రోసాఫ్ట్ 2018 చివరిలోనూ సొంత ఇంజిన్లను వదులుకుంటున్నట్లు ప్రకటించాయంటే ఆ భారం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఇంజిన్ రాయాలనే నిశ్చయించుకుంటే హెచ్‌టీఎంఎల్ పార్సర్‌తో, అంటే పేజీలోని ట్యాగులను (ఏ భాగం ఏమిటో తెలిపే గుర్తులను) చదివే భాగంతో మొదలుపెట్టండి. సక్రమంగా రాసిన పేజీని చదవడం తేలికే. తప్పుల తడకగా ఉన్న పేజీని తక్కిన బ్రౌజర్లు చదివినట్టే చదవడమే కష్టం. బోల్డ్ ట్యాగు లోపల ఇటాలిక్ ట్యాగు తెరిచి, దాన్ని మూయకుండానే బోల్డ్‌ను మూసేశారనుకుందాం. అప్పుడు ఇటాలిక్‌ను అక్కడ ముగించి, తరువాతి అక్షరాల కోసం మరో ఇటాలిక్‌ను బోల్డ్ బయట సృష్టించాలని హెచ్‌టీఎంఎల్ ప్రమాణపత్రం అంచెలంచెలుగా చెబుతుంది. ఇలాంటి చోట్ల సొంత తెలివి ప్రయోగించకుండా ఆ పత్రాన్ని అక్షరాలా అనుసరించడమే క్షేమం.

అక్షరాలను తీర్చే పనిని మాత్రం మీరు నెత్తికెత్తుకోవద్దు. హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా లైబ్రరీకి అప్పగించండి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. వాటిలో చివర వచ్చే గుడి దీర్ఘం తెరపై మొదటి హల్లైన ‘స’ మీదికి చేరాలి, రెండు వత్తులూ కుదురుగా అమరాలి, కర్సర్ వాటి మధ్య చిక్కుకోకూడదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ తాలూకు ఒకానొక కూర్పు ఐఫోన్లలో యాప్‌లనే కుప్పకూల్చింది. దాన్ని సరిదిద్దడానికి ఆపిల్ ప్రత్యేకంగా అప్‌డేట్ ఇవ్వవలసి వచ్చింది. మన లిపిని ప్రతి విడుదలకు ముందూ పరీక్షించాలని నేను గట్టిగా చెప్పడానికి కారణమిదే.

పేజీలలో నడిచే ప్రోగ్రాముల భాష జావాస్క్రిప్ట్‌కు మొదట సాదా ఇంటర్‌ప్రెటర్ (కోడ్‌ను చదువుతూనే అమలుచేసే భాగం) చాలు, వేగం సంగతి తరువాత చూసుకోవచ్చు. భద్రతను అలా వాయిదా వేయలేము. ఒక సైటు జ్ఞాపకంలోని సమాచారం మరో సైటుకు చిక్కకుండా దేనికదే వేరే ప్రాసెస్‌లో (విడి ప్రోగ్రాంలా) నడిచే ఏర్పాటును నిర్మాణంలోనే చేసుకోకపోతే, తరువాత సగం ఇంజిన్‌ను తిరగరాయవలసి వస్తుంది.

పని ఎంతవరకు వచ్చిందో కొలవడానికి ప్రధాన బ్రౌజర్లన్నీ ఉమ్మడిగా వాడే వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్ అనే పరీక్షల సముదాయాన్ని రోజూ నడపండి. ప్రమాణాలు పెరుగుతూనే ఉంటాయి కనుక ఖర్చులో సింహభాగం ఇంజనీర్ల జీతాలకే, అదీ ఏళ్ల తరబడి, పోతుంది. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా ఆదాయంలో అధికభాగం గూగుల్‌తో కుదిరిన సెర్చ్ ఒప్పందం నుంచే వస్తోంది. 2024లో లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడి, సొంత ఇంజిన్ రాస్తున్న లేడీబర్డ్ విరాళాల మీద నడుస్తోంది. మీకు ఈ రెండింటిలో ఏది సాధ్యమో ముందే చూసుకోండి.

తొలి లక్ష్యంగా తెలుగు వికీపీడియాను పెట్టుకోమంటాను: జావాస్క్రిప్ట్ లేకపోయినా వ్యాసాలు చదవగలిగేలా ఉంటాయి, పట్టికలూ పక్కకు ఒదిగే సమాచారపెట్టెలూ లేఅవుట్‌కు (పేజీలో ఏది ఎక్కడ ఉండాలో లెక్కించే భాగానికి) తగినంత పని పెడతాయి, తెలుగు అక్షరాలకు మొదటి రోజునుంచే పరీక్ష జరుగుతుంది.