ఓడలోని ఇంజిన్ కంట్రోల్ రూమ్‌ను వాచ్‌లో (డ్యూటీ షిఫ్టులో) ఉన్నవాళ్లకు అనువుగా సర్దడం

మార్పులు మొదలుపెట్టేముందు డ్యూటీ ఇంజినీరు కుర్చీలో కూర్చుని చూడండి. కట్టినప్పుడు బాగానే ఉన్న గది, ఆ తర్వాత ఖాళీ దొరికిన చోటల్లా బిగించిన ప్యానెళ్లతో పాడవుతుంది. తెర మీది మెయిన్ ఇంజిన్ పేజీ, అలారం జాబితా తల పెద్దగా తిప్పకుండా కనిపించాలి. మధ్యగీతకు అటూ ఇటూ 35 డిగ్రీలు దాటనివ్వకండి. తెర పైఅంచు కంటి ఎత్తుకు మించకూడదు. బైఫోకల్ (దూరానికీ దగ్గరికీ కలిపి ఉండే) కళ్లద్దాలు వాడేవాళ్లకు ఇంకా కిందికి దించాలి, లేకపోతే నాలుగు గంటల వాచ్‌లో మెడ పట్టేస్తుంది. అక్షరం ఎత్తుకు చూసే దూరాన్ని 200తో భాగించండి: 700 మిల్లీమీటర్లకు 3.5, రెండు మీటర్లకు 10 మిల్లీమీటర్లు.

తెర మీద చిన్న అద్దం ఆనించి, కుర్చీలోంచి చూడండి. అందులో ఏ దీపం కనిపిస్తే తెర మీద పడే మెరుపు దానిదే. దాన్ని జరపండి, లేదా తెర వంపు మార్చండి.

శబ్దం కొలిచేటప్పుడు తలుపులు మూసి, కూర్చున్నవారి చెవి ఎత్తులో మీటరు పెట్టండి. ఇంజిన్ కనీసం 80 శాతం లోడు మీద ఉండాలి. 2014 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) శబ్ద నియమావళి ప్రకారం కంట్రోల్ రూమ్‌కు పరిమితి 75 డెసిబెల్స్. అంతకన్నా ఎక్కువ వస్తే ముందు తలుపు గాస్కెట్, కేబుళ్లు గోడ దాటే రంధ్రాలు చూడండి. ఆ రంధ్రాలను మామూలు ఫోమ్‌తో పూడ్చకండి. మంటను కూడా ఆపాల్సిన చోటు కాబట్టి క్లాస్ (ఓడలను తనిఖీ చేసి ధ్రువీకరించే సంస్థ) ఆమోదించిన సామగ్రే వాడాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ అలారాల మీద పెట్టాలి. అనవసరంగా మోగే అలారం మనిషికి చూడకుండా బటన్ నొక్కడం నేర్పిస్తుంది; అసలైనది వచ్చినప్పుడు కూడా చెయ్యి అలాగే వెళ్తుంది. వారం రోజుల అలారం లాగ్ తీసి, ఏ ట్యాగ్ (ఒక్కో అలారానికి ఉండే గుర్తు) ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ప్రాసెస్ పరిశ్రమల్లో వాడే ఈఈఎంయూఏ 191 అనే అలారాల మార్గదర్శి, మామూలు స్థితిలో అలారాలు సగటున పది నిమిషాలకు ఒకటికి మించకూడదంటుంది.

తరచుగా వచ్చే ట్యాగ్‌లకు కారణం వెతకండి. ఓడ ఊగేటప్పుడు బిల్జ్ వెల్‌లో (ఓడ అడుగున మురుగునీరు చేరే గుంటలో) నీరు కొట్టుకుని ఫ్లోట్ స్విచ్‌ను లేపుతుంటే, ఒక ఊగు సమయం కన్నా కాస్త ఎక్కువ డిలే చాలు. రీడింగ్ హద్దు దగ్గరే ఊగిసలాడుతుంటే హిస్టరిసిస్ (అలారం మోగే, ఆగే విలువల మధ్య తేడా) పెంచండి. అదురుకు టెర్మినల్ వదులైతే బిగించాలి తప్ప అలారాన్ని ఇన్‌హిబిట్ చేయకూడదు (మోగకుండా ఆపేయకూడదు). ఆగి ఉన్న ఇంజిన్‌కు ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత అలారాలు వస్తుంటే ఇంజిన్ ఆగినప్పుడు వాటిని తనంతట తానే ఆపే ఆటో బ్లాకింగ్ పనిచేయడం లేదన్నమాట. ల్యూబ్ ఆయిల్ ప్రెషర్, ఓవర్‌స్పీడ్, ఆయిల్ మిస్ట్ సెట్టింగ్‌లను మాత్రం తాకవద్దు. ప్రతి మార్పుకూ చీఫ్ ఇంజినీరు సంతకం ఉండాలి. ఇన్‌హిబిట్‌లో ఉన్నవాటి జాబితా వాచ్ అప్పగించేటప్పుడు చేతులు మారాలి.

కుర్చీ చక్రాలకు లాక్, కన్సోల్ అంచుకు పట్టుకునే కడ్డీ, ఎమర్జెన్సీ స్టాప్‌లకు మూతలు ఉన్నాయో లేదో చూడండి. మోచెయ్యి తగిలి జనరేటర్ ఆగిపోవడానికి ఒక్క పెద్ద ఊగు చాలు. చివరగా, బయటికి పోయే రెండు దారుల్లోనూ స్పేర్ పార్టుల పెట్టెలు అడ్డం లేకుండా తీయించండి.