చీనీ తోట సీతాకోకచిలుకను కాగితంతో సొంతంగా రూపొందించి ఇతరులకు నేర్పడం ఎలా?

అనంతపురం, పులివెందుల వైపు చీనీ (బత్తాయి) తోటలున్నవారికి నల్లటి రెక్కలపై లేత పసుపు మచ్చలతో చెట్టు నుంచి చెట్టుకు తిరిగే నిమ్మ సీతాకోకచిలుక కొత్తది కాదు. దాని గొంగళిపురుగు లేత చీనీ, నిమ్మ, కరివేపాకులను తింటుంది కాబట్టి రైతుకు దానిపై ప్రేమ ఉండకపోవచ్చు గానీ, కాగితం మడిచి బొమ్మలు చేసే జపాన్ కళ అయిన ఓరిగామి నేర్చుకునేవారికి అంతకంటే మంచి నమూనా ఈ ప్రాంతంలో దొరకడం కష్టం. అదే చెట్లపై గుడ్లు పెట్టే కామన్ మార్మన్ అనే మరో సీతాకోకచిలుకకు వెనక రెక్కల చివర తోకలుంటాయి. నిమ్మ సీతాకోకచిలుకకు అవి ఉండవు. ఈ ఒక్క తేడాను కాగితంలో చూపించగలిగితే సొంత రూపకల్పన మొదలైనట్టే.

ముందుగా పెరట్లోని కరివేపాకు చెట్టు దగ్గరైనా సరే కాసేపు నిలబడి, ముందు రెక్క వెనక రెక్క కంటే ఎంత పొడవుందో, వాలినప్పుడు రెక్కలు ఏ కోణంలో తెరుచుకుంటాయో పుస్తకంలో గీసుకోవాలి. మచ్చలన్నిటినీ కాగితంలోకి తేవాలని చూడకూడదు. రెక్కల నిష్పత్తి, అంచుల వంపు సరిగ్గా కుదిరితే చూసేవారు సీతాకోకచిలుకను గుర్తుపడతారు.

కాగితం విషయంలో తొందరపడకూడదు. ఒకవైపు రంగు, మరోవైపు తెలుపు ఉండే పలుచని గ్లేజు కాగితం సాధనకు సరిపోతుంది. జెరాక్స్ కాగితమైతే పొడవు వైపున మిగులును తీసేసి 21 సెం.మీ. చదరంగా కత్తిరించుకోవచ్చు. నాలుగు మూలలూ లంబకోణంలో లేకపోతే ఆ లోపం చివరి మడత దాకా వెంటాడుతుంది కాబట్టి, కత్తెర కంటే స్కేలు, కట్టర్ వాడటం మేలు. మన ఎండాకాలపు పొడి గాలికి గ్లేజు కాగితం పెళుసెక్కి, మడత దగ్గర రంగు పగిలి తెల్లటి గీత కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఉదయం పూట మడవడం మంచిది.

ఇక మడతలు. 15 సెం.మీ. చదరాన్ని తెల్లవైపు పైకి పెట్టి, రెండు కర్ణాల వెంట మడిచి విప్పాలి. తిప్పి, రంగువైపు పైకి ఉండగా అడ్డంగా సగానికి మడిచి విప్పాలి. ఆ మధ్య గీత రెండు చివరలనూ లోపలికి నెట్టి, ఒకదానికొకటి తగిలేలా తెస్తే కాగితం రంగు బయటికి ఉన్న త్రిభుజంగా కూర్చుంటుంది. త్రిభుజం మొన కిందికి వచ్చేలా పట్టుకొని, పై పొర రెండు మూలలనూ ఆ మొన దగ్గరికి దించాలి. మొత్తం తిరగేసి, కింది మొనను పై అంచు దాటి సుమారు అర సెంటీమీటరు బయటికి వచ్చేలా ఎత్తాలి. ఇక్కడే కొత్తవారు కాగితాన్ని చింపేస్తారు. ఎత్తిన మడతను వెంటనే అంచు నుంచి అంచు దాకా నొక్కేయకూడదు. మధ్యభాగాన్ని మాత్రం వేలితో అదిమి, వెనకనున్న రెండు మూలలు వాటంతటవే కిందికీ పక్కలకూ జరగనిచ్చి, అవి వెనక రెక్కలుగా నిలిచాకే మిగతాది మెల్లగా చదును చేయాలి. బయటికి వచ్చిన చిన్న మొనను అంచు మీదుగా అవతలికి మడిస్తే తల ఏర్పడి, పొరలు విడిపోకుండా పట్టు దొరుకుతుంది. తల బయటికి కనిపించేలా సగానికి మడిచి, దేహానికి ఇరుపక్కలా రెక్కలను వెనక్కి వంచితే బొమ్మ నిలబడుతుంది.

ఇంతవరకూ మడిచింది మనది కాదు, అందరిదీ. జపాన్ కవి ఇహరా సైకాకు 1680 నాటి చిన్న కవితలోనే కాగితపు సీతాకోకచిలుకల ప్రస్తావన ఉంది. మన సొంతం ఇక్కడి నుంచి మొదలవుతుంది. వెనక రెక్క కొనను కొద్దిగా లోపలికి మడిస్తే గుండ్రదనం వచ్చి నిమ్మ సీతాకోకచిలుకకు దగ్గరవుతుంది. కొనను వదిలేసి పక్క అంచును సన్నగా లోపలికి తిప్పితే తోకలాగా సాగి మార్మన్‌ను తలపిస్తుంది. పై అంచు దాటే మొన పొడవును పెంచినా తగ్గించినా రెక్కల బిగువు మారుతుంది. ఒక్కో ప్రయత్నంలో ఒక్క కొలతనే మార్చి, ఆ కొలతను రెక్క లోపలే పెన్సిల్‌తో రాసుకోవాలి. రెండు మూడు కొలతలు ఒకేసారి మారిస్తే, అందం దేనివల్ల వచ్చిందో తర్వాత ఎవరికీ తెలియదు.

పలుచని కాగితంలో రూపం స్థిరపడ్డాక, మందపాటి డ్రాయింగ్ కాగితంపై తడిగుడ్డ అద్ది మడిస్తే వంపులు ఆరాక అలాగే నిలుస్తాయి. జపాన్ ఓరిగామి కళాకారుడు అకిరా యోషిజావా (1911–2005) ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ పద్ధతిని మన ఎండల్లో పాటించేవారు కాగితమంతా ఒకేసారి తడపకుండా, మడిచే రెక్కను మాత్రమే తడపాలి. లేదంటే రెండో రెక్క దగ్గరికి వచ్చేసరికి అది ఆరిపోతుంది.

పంచుకోవాలంటే బొమ్మ ఫొటో చాలదు, మడతల చిత్రాలు కావాలి. చుక్కల గీతలు, బాణాలతో మడతలను చూపే పద్ధతి కూడా యోషిజావాదే. 1954లో వచ్చిన ఆయన పుస్తకంతో అది వ్యాప్తిలోకి వచ్చి, నేటికీ అన్ని దేశాల్లో కొనసాగుతోంది. లోపలికి మడిచే లోయ మడతకు విడివిడి గీతలు, వెనక్కి మడిచే కొండ మడతకు గీత, చుక్కలు కలిసిన వరస వాడాలి. ఒక్కో చిత్రంలో ఒక్క మడతే చూపి, కాగితాన్ని తిరగేయాల్సిన చోట తప్పనిసరిగా చెప్పాలి. నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైన మెట్టు దీని తర్వాతే ఉంది: ఆ చిత్రాలను ఓరిగామి తెలియని బడి పిల్లకు ఇచ్చి, పక్కన కూర్చొని నోరు మెదపకుండా చూడాలి. ఆమె చేయి ఎక్కడ ఆగిందో ఆ చిత్రం మళ్లీ గీయాలి, మాటల్లో సర్దిచెప్పకూడదు.

మీరు గీసిన చిత్రాలకు 1957 నాటి కాపీరైట్ చట్టం కింద కళాకృతిగా రక్షణ ఉంటుంది. అయినా, మడతలు బడుల్లో తిరగాలనే కోరిక మీకుంటే, ఉపాధ్యాయులు ఉచితంగా జెరాక్స్ తీసుకోవచ్చని చిత్రాల పుటలోనే రాయండి. పక్కనే ఏ పాత మడతను ఆధారం చేసుకున్నారో, మీరు మార్చినది ఏదో, ఏ సంవత్సరంలో రూపొందించారో కూడా చేర్చండి.