బెంగళూరులో ప్రైవేట్ స్కూల్ టీచర్‌గా రిటైరై గ్రాట్యుటీ రాలేదా? ఇలా చేయండి

మా పిన్ని మారతహళ్ళి దగ్గర ఒక స్కూల్లో 22 ఏళ్ళు లెక్కలు చెప్పి 2023లో రిటైరయింది, గ్రాట్యుటీ, అంటే ఇన్నేళ్ళ సర్వీసుకి రిటైరయ్యేటప్పుడు స్కూలు ఇచ్చే డబ్బు, అడిగితే టీచర్లకి అది ఉండదమ్మా అని పంపించేశారు, పాపం నమ్మేసింది కూడా. అది అబద్ధం అండి. 2009లో గ్రాట్యుటీ చట్టం మార్చి 1997 ఏప్రిల్ 3 నుంచే టీచర్లకీ వర్తిస్తుందన్నారు, 2022లో సుప్రీంకోర్టు కూడా అది సరైనదే అంది.

ముందు లెక్క వేసుకోండి. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి 26తో భాగించి, వచ్చినదాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించాలి. 26,000 జీతం, 22 ఏళ్ళు అయితే 3,30,000.

తర్వాత స్కూలుకి ఫారం ఐ (గ్రాట్యుటీ ఇవ్వమని అడిగే దరఖాస్తు) ఇవ్వండి. చేతికిస్తే కాపీ మీద స్టాంపు వేయించుకోండి, పిన్నికి క్లర్క్ స్టాంపు వేయనన్నాడు, అందుకే స్పీడ్ పోస్ట్‌లో పంపి ఆ రసీదు జిరాక్స్ తీసి పెట్టాం, ఎందుకంటే ఆ చిన్న రసీదు మీద అక్షరాలు కొన్నాళ్ళకే వెలిసిపోతాయి.

30 రోజుల్లో ఇవ్వాలి, లేటైతే వడ్డీ కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో ఫారం ఎన్ (ఫిర్యాదు దరఖాస్తు) వేయండి, 90 రోజుల గడువు ఉంది, దాటితే ఆలస్యానికి కారణం రాసివ్వండి. అపాయింట్‌మెంట్ లెటర్, శాలరీ స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్ జతచేయండి.

ఇదంతా 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం, 2025 నవంబర్ 21 నుంచి రిటైరైనవాళ్ళు కొత్త లేబర్ కోడ్ ఫారాలు అడగండి.