సిరొంచ వైపు నుంచి పోలీసు సిబ్బందిపై ఫిర్యాదు: దరఖాస్తు, విచారణ

మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి, రాజురా వైపు తెలుగువాళ్లు పోలీసు సిబ్బందిపై ఫిర్యాదు చేసేటప్పుడు ముందుగా జాగ్రత్తపడాల్సింది ఒక మాట దగ్గర. మనకు తకరారు అంటే తగాదా. మరాఠీలో తక్రార్ అంటే ఫిర్యాదు. వాంగ్మూలం చివర ‘మాఝీ కాహీ తక్రార్ నాహీ’ అని రాసి ఉంటే, ఎవరితోనూ గొడవ లేదనే కదా అని సంతకం పెట్టేస్తాం. నిజానికి అది ‘నాకు ఫిర్యాదే లేదు’ అని ఒప్పుకోవడం. ఆ ఒక్క వాక్యంతో ఫైలు మూసేయొచ్చు. అలాగే ‘జబాబ్’ అంటే జవాబు కాదు, వాంగ్మూలం. తెలుగులో చదివి వినిపించమనండి, వినిపించాకే సంతకం గానీ వేలిముద్ర గానీ వేయండి.

దరఖాస్తు జిల్లా ఎస్పీ పేరిట రాయాలి. సిరొంచ, అహేరి వాళ్లకు గడ్చిరోలి, రాజురా వాళ్లకు చంద్రపూర్. తెలుగులో రాసే హక్కు రాజ్యాంగం 350వ అధికరణ ఇచ్చింది. అయినా మరాఠీ అనువాదం జతచేసి, ‘తేడా వస్తే తెలుగు ప్రతే అసలు’ అని రాసి ప్రతి పేజీ మీదా సంతకం చేయండి. ‘కొట్టారు’ అని ఊరుకుంటే చాలదు. ఎవరు, దేనితో, ఒంటి మీద ఎక్కడ, ఏ గదిలో, ఎన్ని గంటలకు, ఎవరు చూశారు, అన్నీ వరసగా ఉండాలి. పేరు తెలియకపోతే హోదా, ఆనవాళ్లు రాయండి. ఆ వేళ డ్యూటీలో ఎవరున్నారో స్టేషన్ రికార్డులోనే ఉంటుంది.

దెబ్బలుంటే అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి గాయాలు నమోదు చేయించుకోవాలి. కమిలిన మచ్చ ఒకటి రెండు వారాల్లో మాయమైపోతుంది. స్టేషన్ సీసీ కెమెరా రికార్డింగు 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. ఫలానా తేదీ, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా ఉన్న రికార్డింగు భద్రపరచమని దరఖాస్తులోనే అడగండి.

చేతికిస్తే మీ ప్రతి మీద ముద్ర, తేదీ, ఆవక్ క్రమాంక్ (ఆఫీసుకు వచ్చిన కాగితానికి వేసే నంబరు) వేయించుకోండి. అదే పోచ్, అంటే అందినట్టు రసీదు. గడ్చిరోలి దాకా పోలేనివాళ్లు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

దరఖాస్తు అందాక ముందు ప్రాథమిక చౌకశీ, అంటే తొలి విచారణ. అందులో పస ఉందని తేలితే 1956 నాటి పోలీసు శిక్షలు, అప్పీళ్ల నియమాల కింద విభాగీయ చౌకశీ, అంటే శాఖాపరమైన విచారణ. ఆ పోలీసుకు ఆరోపణలు రాతపూర్వకంగా ఇస్తారు, అతను సమాధానం చెప్తాడు, సాక్షుల్ని విచారిస్తారు. ఇందులో మీరు సాక్షి మాత్రమే, కక్షిదారు కాదు. అతని తరఫున మిమ్మల్ని అడ్డ ప్రశ్నలు అడుగుతారు. దరఖాస్తులో ఉన్న గంట, మీరు నోటితో చెప్పే గంట ఒకటి కాకపోతే అక్కడే పట్టుకుంటారు. అందుకే మీ ప్రతి ముందురోజు చదువుకుని వెళ్లండి. క్రిమినల్ కోర్టులో అడిగేంత గట్టి రుజువు ఇక్కడ అక్కర్లేదు. మందలింపు, జరిమానా, ఇంక్రిమెంటు ఆపడం నుంచి డిస్మిస్ దాకా శిక్షలున్నాయి. కొట్టడం నేరం కాబట్టి క్రిమినల్ కేసు దారి వేరేగా ఉంటుంది. ఇది దానికి బదులు కాదు.

సొంత శాఖ మీద నమ్మకం లేకపోతే, కస్టడీ మరణం, తీవ్ర గాయం, అక్రమ నిర్బంధం, లంచం, బలవంతపు వసూలు లాంటివాటికి నాగపూర్‌లోని డివిజన్ పోలీసు ఫిర్యాదుల ప్రాధికరణ (అథారిటీ) ఉంది. దానికి సమన్లిచ్చే అధికారం ఉంది గానీ శిక్ష వేసే అధికారం లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తెలుగులోనే ఫిర్యాదు తీసుకుంటుంది, రుసుము లేదు, గడువు ఏడాది. కాకపోతే రాష్ట్ర కమిషన్‌లో అదే విషయం నడుస్తుంటే అది చేపట్టదు. రెండింటికీ పంపి చెడగొట్టుకోవద్దు.

ఎక్కడిదాకా వచ్చిందో తెలియకపోతే 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. శిక్ష ఉత్తర్వు నకలు అడిగితే వ్యక్తిగత సమాచారమని 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపి కాదంటారు. ‘నా ఫలానా ఆవక్ క్రమాంక్ ఫిర్యాదు ఏ దశలో ఉంది, ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు’ అని మాత్రమే అడగండి.