గాలితో గొడవ, 4వ పాఠం: సూది ముక్కుకు సున్నా మార్కులు

పోయినసారి అడిగింది ఒక్క ప్రశ్నే: జపాన్ 500 సిరీస్ బుల్లెట్ రైలుకి 15 మీటర్ల ముక్కు ఎందుకు? ‘గాలిని చీల్చుకుంటూ పోవడానికి, కరెంటు ఆదా’ అని దాదాపు అందరూ రాశారు. కాబట్టి ఈ వారం చెప్పాల్సిన, రైలు తోక దగ్గర లేచే గాలి సుడుల సంగతి వాయిదా. ముక్కు దగ్గరే ఆగుదాం.

ఆ రైలుకి మొదట్లో 16 పెట్టెలు ఉండేవి, పొడవు 400 మీటర్ల పైమాటే. అంత పొడుగు బండిని గాలి పట్టి లాగేదంతా ఎక్కువగా పక్కగోడల దగ్గర, అడుగున చక్రాల దగ్గర, నెత్తిన పాంటోగ్రాఫ్ (పై తీగ నుంచి కరెంటు అందుకునే చెయ్యి) దగ్గర. ముక్కు వాటా కొంచెమే. దానికి ఓ మోస్తరు నున్నటి ముక్కు చాలు. మరి మిగతా పొడవంతా దేనికి? సొరంగం కోసం.

500 సిరీస్ నడిచిన సాన్యో మార్గం (ఒసాకా నుంచి పడమటికి హకాటా దాకా) దాదాపు సగం సొరంగాలే. రైలు దూరగానే లోపలి గాలి నొక్కుకుపోయి, ఆ పీడన తరంగం శబ్దవేగంతో అవతలి చివరికి పరుగెడుతుంది. కంకర పట్టాలైతే దారిలో కాస్త మెత్తబడుతుంది. 1975లో హకాటా వరకు పొడిగించిన భాగంలో పట్టాలు కాంక్రీటు పలకల మీద వేశారు. అక్కడ పొడుగు సొరంగాల్లో తరంగం మెత్తబడకపోగా ఇంకా నిటారుగా లేస్తుంది. అవతలి మూతి దగ్గర ‘ధాం’ అని పేలుతుంది. చుట్టుపక్కల ఇళ్ల కిటికీలు అదురుతాయి.

ఆ పేలుడు, పీడనం ఎంత పెరిగిందన్న దాన్ని బట్టి కాదు, ఎంత త్వరగా పెరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. పీడనం ఎంత పెరుగుతుందన్నది రైలు వేగపు వర్గంతో పోతుంది, అలా పెరగడానికి పట్టే సమయం రైలు వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది. అంటే మొత్తానికి ఘనం. 220 నుంచి 300 కి.మీ.కి వెళ్తే వేగం పెరిగింది 36 శాతమే, మోత మాత్రం రెండున్నర రెట్లు. (వందే భారత్‌కి ఇంత ముక్కు ఎందుకు లేదని అడిగినవారు దాని వేగం 160ని ఈ 300తో భాగించి ఘనం చేసుకోండి. ఆరో వంతు కూడా రాదు.)

ఇప్పుడు నాకు ఒళ్లు మండే చోటుకి వద్దాం. లకుముకి పిట్ట కథ అందరికీ నోటికొచ్చు: ఇంజనీరు నకాత్సు ఎయిజీ పక్షి ప్రేమికుడు, పిట్ట ముక్కు చూశాడు, రైలు మూతి మార్చాడు. కథ నిజమే. కానీ అది విన్న ప్రతివాళ్లూ ‘ముక్కు ఎంత సూదిగా ఉంటే అంత మంచిది’ అని తేల్చేస్తారు. తప్పు. లెక్క మొన ఎంత సన్నమన్నది కాదు, అడ్డుకోత వైశాల్యం (ముక్కుని అడ్డంగా కోస్తే కనిపించే ముక్క వైశాల్యం) మీటరు మీటరుకీ ఎంత పెరుగుతుందన్నది.

10 మీటర్ల ముక్కు, చివర వైశాల్యం 10 చదరపు మీటర్లు అనుకోండి. సూదిమొన శంకువు తీసుకుంటే మొదటి మీటరులో 0.1 పెరుగుతుంది, ఐదో మీటరులో 0.9, ఆఖరి మీటరులో 1.9. సొరంగంలోకి మెల్లగా దూరినట్టే దూరి, భుజాల దగ్గరికొచ్చేసరికి గాలిని ఒక్క తోపు తోస్తుంది. అదే మొన మొద్దుగా ఉండే పరావలయ (పారాబోలా) ఆకారమైతే ప్రతి మీటరుకీ సరిగ్గా 1. చూడ్డానికి మొద్దుది, పనికి మాత్రం దాదాపు రెండింతలు మేలు. ముక్కు చెక్కబోయే ముందు గ్రాఫ్ గియ్యండి. నేనైతే బొమ్మ జోలికే పోను, ముందు వైశాల్యం గీత గీసుకుని దాని చుట్టూ ఆకారం కడతాను.

1999లో వచ్చిన 700 సిరీస్ బాతుమూతిని అందరూ వెక్కిరించారు. నాకు అదే ఇష్టం. డ్రైవరు అద్దం దగ్గర పైకప్పు లేస్తుంది కదా, అక్కడ వైశాల్యం ఎగబాకకుండా రెండు పక్కలా బుగ్గలు లోపలికి నొక్కేశారు. 9.2 మీటర్లలోనే 285 కి.మీ. వేగానికి సరిపెట్టారు. 500లో ముక్కు పొడుగై మొదటి పెట్టెలో సీట్లు 53కి పడిపోయాయి, డ్రైవరు వైపు తలుపే ఎత్తేశారు. 700లో తలుపూ సీట్లూ మళ్లీ వచ్చాయి.

సాధన. ఒక ముల్లంగికి మొన నుంచి సెంటీమీటరుకొక గీత పెట్టండి. అంచుదాకా నీళ్లు నింపిన చెంబుని పళ్లెంలో పెట్టి, ముల్లంగిని మొన కిందికి పెట్టి ఒక్కో గీత చొప్పున ముంచండి. ప్రతిసారీ పొర్లిన నీళ్లని సిరంజితో కొలవండి. ఎన్ని మిల్లీలీటర్లో అక్కడ సగటు వైశాల్యం అన్ని చదరపు సెంటీమీటర్లు. పక్కపక్క అంకెల తేడాలు గ్రాఫ్‌లో పెట్టి, తేడా ఎక్కువున్న చోట కత్తితో చెక్కి మళ్లీ ముంచండి. గీత చదునయ్యేదాకా వదలొద్దు. ముల్లంగి అయిపోతే ఇంకోటి తెచ్చుకోండి. అది కుదిరినవాళ్లు నాలుగో గీత దగ్గర డ్రైవరు తల పట్టేంత బుడిపె ఒకటి బంకమట్టితో అంటించి, గీత చెడకుండా బుగ్గలు ఎంత నొక్కాలో లెక్కతో సహా పంపండి.