గుజిరీలో దొరికిన ఇంజిన్ ముక్క ఏ బ్రిటిష్ బైకుదో తేల్చుకోవడం ఎలా

కర్నూల్లో అడిగినా, అనంతపురంలో అడిగినా, కడపలో అడిగినా పాత ఇనుప అంగట్లో జిడ్డు పట్టిన బీడు సిలిండర్‌కు ఒకటే పేరు: "బులెట్టుది అన్నా." ఇందులో మోసమేమీ లేదు. ఈ పక్క ఏళ్ల తరబడి తిరిగిన పెద్ద బండి బులెట్టే కాబట్టి ఆ పేరు నోటికి అలవాటైపోయింది. కానీ అదే కుప్పలో యుద్ధకాలపు బీఎస్ఏ ఎం20 సిలిండరో, నార్టన్ 16హెచ్ ఫ్లైవీలో, మ్యాచ్‌లెస్ హెడ్డో పడి ఉండొచ్చు. గుర్తుపట్టే మనిషి రాకపోతే అది కాటా ఎక్కి కొలిమికి పోతుంది. ఒకసారి కరిగితే ఇక దొరకని వస్తువు అది. అందుకే ఈ విద్య వచ్చినవాళ్లు ఎంత ఎక్కువమంది ఉంటే అంత మంచిది.

చూడాల్సిన వరస: ముందు ఆకారం, తర్వాత కొలత, ఆపైన మర (బోల్టుల, నట్ల మీది చుట్లు), ఆఖరుకు నంబరు. చాలామంది తిరగేసి నంబరుతో మొదలుపెడతారు. ఇంజిన్ నంబరు క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగు పెట్టె) మీద మాత్రమే ఉంటుంది. దాని మీద కూర్చున్న సిలిండర్, హెడ్, లోపలి పిస్టన్ ఏ బండినుంచి వచ్చాయో అది చెప్పదు. పైగా పంచ్ కొట్టిన అంకెల్ని ఎవరైనా మార్చొచ్చు. బోరూ (సిలిండర్ లోపలి వెడల్పు) స్ట్రోకూ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) అలా మారవు.

సంచిలో ఉండాల్సినవి: 150 మిల్లీమీటర్ల వెర్నియర్, మర గేజీలు రెండు (55 డిగ్రీల విట్‌వర్త్‌ది ఒకటి, 60 డిగ్రీల మెట్రిక్‌ది ఒకటి), చిన్న అయస్కాంతం, సుద్దముక్క, పల్చటి కాగితం, మెత్తటి పెన్సిల్, టార్చి, ఇత్తడి బ్రష్, సీసాలో కిరోసిన్. కిరోసిన్ దొరక్కపోతే డీజిలైనా సరే. ఇనుప బ్రష్ మాత్రం వద్దు. అల్యూమినియం మీద పంచ్ కొట్టిన అక్షరాల అంచుల్ని అది నాలుగు రుద్దుల్లో తినేస్తుంది.

ఆకారం ఏం చెబుతుంది

సిలిండర్‌ను తిరగేసి చూడండి. బోర్ పక్కనే వాల్వు కూర్చునే సీట్లు రెండు ఉంటే అది సైడ్ వాల్వు ఇంజిన్. దాని హెడ్ ఒట్టి మూతలాగా ఉంటుంది. ఎం20, 16హెచ్ రెండూ ఈ తరగతే. సీట్లు హెడ్‌లో ఉంటే ఓవర్‌హెడ్ వాల్వు. అప్పుడు పుష్‌రాడ్‌ల (వాల్వుల్ని తెరిచేందుకు కిందినుంచి తోసే కడ్డీల) దారి వెతకండి. బులెట్‌కు ఆ దారి సిలిండర్ పోతలోనే కలిసి ఉంటుంది. బీఎస్ఏ బీ31కి రెండు రాడ్లూ పోయే గొట్టం విడిగా ఒకటే ఉంటుంది. మ్యాచ్‌లెస్ జీ3ఎల్‌కు వేర్వేరుగా రెండు గొట్టాలు. ఈ ఒక్క చూపుతోనే సగం సందేహాలు తీరిపోతాయి.

క్రాంక్‌కేసు అయితే వెనక భాగం చూడండి. నూనె నిలిచే గది కేసులోనే పోతపోసి ఉంటే రాయల్ ఎన్‌ఫీల్డ్. బీఎస్ఏ, నార్టన్, మ్యాచ్‌లెస్ సింగిల్స్‌కు నూనె ట్యాంకు విడిగా ఫ్రేముకు బిగించి ఉంటుంది కాబట్టి కేసులో ఆ గది ఉండదు. ఏజేఎస్, మ్యాచ్‌లెస్ సింగిల్స్ అన్నదమ్ముల్లాంటివి. 1950ల మొదటి వరకు ఏజేఎస్‌కు మ్యాగ్నెటో (స్పార్కుకు కరెంటు పుట్టించే భాగం) సిలిండర్ ముందు, మ్యాచ్‌లెస్‌కు వెనక ఉండేది. తర్వాత రెండింటికీ ముందుకే వచ్చింది.

రెండు సిలిండర్ల ముక్కలు మన దగ్గర అరుదు గానీ దొరికితే తేలిగ్గానే తేలతాయి. ట్రయంఫ్‌కు క్యామ్‌షాఫ్టులు (పుష్‌రాడ్‌లను ఎత్తే ఇరుసులు) రెండు, పుష్‌రాడ్ గొట్టాలు సిలిండర్ దిమ్మకు ముందొకటి వెనకొకటి. బీఎస్ఏ ఏ7, ఏ10లకు క్యామ్ ఒకటే, అది వెనక ఉంటుంది. నార్టన్ డామినేటర్‌కూ ఒకటే, ముందు ఉంటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ ట్విన్‌కు సిలిండర్లూ హెడ్లూ దేనికది విడి.

కొలత

బోర్‌ను పైన కొలవొద్దు. రింగులు తిరిగి అక్కడ అరిగి ఉంటుంది. సిలిండర్ అడుగున, రింగులు చేరని చోట, అడ్డంగా నిలువుగా రెండుసార్లు కొలవండి. వచ్చిన కొలత అసలు బోర్ కాకపోవచ్చు, రీబోర్ (అరిగిన బోర్‌ను కాస్త పెద్దగా తొలిపించడం) అయి ఉండొచ్చు. బ్రిటిష్ రీబోర్ అంగుళంలో 20, 40, 60 వెయ్యో వంతుల చొప్పున, అంటే సుమారు అర మిల్లీ, ఒక మిల్లీ, ఒకటిన్నర మిల్లీ చొప్పున పెరుగుతుంది. ఆ మేరకు తీసేసి చూడాలి.

స్ట్రోక్ కొలవడానికి ఫ్లైవీల్ జత చాలు. కనెక్టింగ్ రాడ్‌ను నిటారుగా పట్టుకుని, దాని చిన్న కన్ను అన్నిటికన్నా పైకి వచ్చినప్పుడు ఒక గుర్తు, అన్నిటికన్నా కిందికి దిగినప్పుడు ఒక గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య దూరమే స్ట్రోక్. రాడ్ లేకపోతే మెయిన్ షాఫ్ట్ నడిబొడ్డు నుంచి క్రాంక్‌పిన్ నడిబొడ్డు వరకు కొలిచి రెట్టింపు చేయండి.

బోర్, స్ట్రోక్ కొలతలు మిల్లీమీటర్లలో:

బులెట్ 350: 70 × 90
బులెట్ 500: 84 × 90
బీఎస్ఏ ఎం20: 82 × 94
బీఎస్ఏ బీ31: 71 × 88, బీ33: 85 × 88
నార్టన్ 16హెచ్, ఈఎస్2: 79 × 100
మ్యాచ్‌లెస్ జీ3ఎల్, ఏజేఎస్ 16ఎం: 69 × 93
ఏరియల్ డబ్ల్యూ-ఎన్‌జీ: 72 × 85
ట్రయంఫ్ 3హెచ్‌డబ్ల్యూ: 70 × 89
ట్రయంఫ్ ట్విన్: 500కు 63 × 80, 650కి 71 × 82
బీఎస్ఏ బాంటమ్ డీ1 (టూ స్ట్రోక్): 52 × 58

ఇందులో మోసపోయే చోట్లు రెండున్నాయి. బులెట్ 350 సిలిండర్‌ను 40 వెయ్యో వంతులు రీబోర్ చేస్తే 71 మిల్లీలు వస్తుంది, సరిగ్గా బీ31 కొత్త బోర్ అంత. అక్కడ పుష్‌రాడ్ దారి చూస్తేనే తేలుతుంది. రెండోది, ట్రయంఫ్ 3హెచ్‌డబ్ల్యూకూ బులెట్‌కూ బోర్ ఒకటే, స్ట్రోక్‌లో తేడా ఒక్క మిల్లీ. గుర్తులు పెట్టి కొలిస్తే ఒక మిల్లీ పొరపాటు ఎవరికైనా వస్తుంది. కాబట్టి క్రాంక్‌కేసు వెనక నూనె గది ఉందో లేదో చూడకుండా మాట ఇవ్వొద్దు. నార్టన్ ఫ్లైవీల్ విషయంలో మాత్రం ఏ సందేహమూ అక్కర్లేదు. ఈ పట్టికలో 100 ఇంకెవరికీ లేదు.

మర: అన్నిటికన్నా ఎక్కువ ముక్కలు పాడయ్యేది ఇక్కడే

పాత బ్రిటిష్ ఇంజిన్‌లో మూడు రకాల మరలు కలగలిసి ఉంటాయి. అల్యూమినియంలోకి దిగే స్టడ్డు (తల లేని, రెండు కొనలా మరలున్న బోల్టు) వైపు సాధారణంగా ముతక మర, విట్‌వర్త్. నట్టు బిగించే వైపు సన్న మర, బీఎస్ఎఫ్ లేదా సైకిల్ మర. మొదటి రెండింటి కోణం 55 డిగ్రీలు, సైకిల్ మరది 60. సైకిల్ మరలో ఎక్కువ సైజులకు అంగుళానికి 26 చుట్లు. 1960ల చివర్లో బీఎస్ఏ, ట్రయంఫ్‌లు యూఎన్ఎఫ్ (యూనిఫైడ్ రకం సన్న మర) మరకు మారాయి. కాబట్టి యూఎన్ఎఫ్ కనిపిస్తే ముక్క ఆ కాలానిదో, ఆ తర్వాతదో అయి ఉంటుంది.

గేజీ లేకపోయినా తేల్చొచ్చు. 5/16 అంగుళాల స్టడ్డు తీసుకోండి, మందం 7.94 మిల్లీలు. వెర్నియర్ ముక్కుల్ని మర శిఖరాల మీద ఆనించి పది చుట్ల పొడవు కొలవండి. 9.8 మిల్లీలు వస్తే సైకిల్ మర. 11.5 వస్తే బీఎస్ఎఫ్. 14.1 వస్తే విట్‌వర్త్. 12.5 వస్తే ఎవరో మెట్రిక్ ఎం8 దింపారన్నమాట. సరిగ్గా 10 వస్తే సన్న మెట్రిక్.

ఆ 9.8కీ 10కీ ఉన్న తేడాయే కొంప ముంచేది. సన్న ఎం8 నట్టు సైకిల్ మర స్టడ్డు మీద మొదటి నాలుగైదు చుట్లు చక్కగా ఎక్కుతుంది. ఆపైన బిగుస్తుంది. తుప్పేమోనని నూనె పోసి పానాతో లాగితే స్టడ్డు మర ఒరుసుకుపోతుంది, లేదా స్టడ్డే అల్యూమినియం మరను వెంటబెట్టుకుని బయటికొస్తుంది. నట్టు చేత్తో ఆఖరుదాకా తిరక్కపోతే అక్కడే ఆపండి.

పానా కూడా ఆనవాలు చెబుతుంది. పాత బ్రిటిష్ నట్టుకు 13 పానా ఎక్కదు, 14 వదులవుతుంది. ఎందుకంటే 1/4 విట్‌వర్త్ పానా నోరు 13.3 మిల్లీలు. 5/16ది 15.2. 3/8ది 18కి దగ్గర. నట్టు మూలలు గుండ్రమైపోయి ఉంటే మెట్రిక్ పానాతో ఎవరో కుస్తీ పట్టారని అర్థం. ఆ ఇంజిన్ లోపల మరల్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి.

బేరింగులదీ ఇదే గొడవ. బేరింగు అంచు తుడిచి అక్షరాలు చదవండి. ఆర్ఎల్ఎస్, ఎల్‌జే అంటే తేలిక రకం బాల్ బేరింగ్, ఆర్ఎంఎస్, ఎంజే అంటే మధ్య రకం. అన్నీ అంగుళాల కొలతలే. ఆర్ఎల్ఎస్ 8 లోపలి కొలత ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీలు. అంగట్లో దొరికే 6205 లోపలి కొలత 25. అది పట్టడం లేదని లేత్ మీద షాఫ్టును అరగదీయించినవి చేతికొస్తుంటాయి. షాఫ్టు కొలిస్తే 25.0 వచ్చి, లేత్ గీతలు కనిపిస్తే ఆ షాఫ్టుకు ఇక అసలు బేరింగు నిలవదు. ధర ఆ లెక్కనే మాట్లాడండి.

విడి ముక్కలు

పిస్టన్ నెత్తిన మసి కిరోసిన్‌తో తడిపి గుడ్డతో తుడవండి, గీకొద్దు. +020, +040 లాంటి అంకె ఉంటే అది ఓవర్‌సైజు. హెప్పోలైట్, వెల్‌వర్తీ పేర్లు లోపలి పక్క పోతలో కనిపిస్తే ఇంగ్లండు సరుకు.

వాల్వు కాడ మందం అంగుళాల్లో పోల్చండి: 7.9 మిల్లీలంటే 5/16, 8.7 అంటే 11/32, 9.5 అంటే 3/8. వాల్వు తలకు అయస్కాంతం అంటకపోతే వేడికి తట్టుకునే స్టీలు. అది సాధారణంగా ఎగ్జాస్ట్ వాల్వు.

అమల్ కార్బురేటర్‌ను తొట్టిని బట్టి పోల్చుకోవచ్చు. ఫ్లోట్ తొట్టి పక్కన విడిగా వేలాడితే 276 లాంటి పాత రకం. ఒంట్లోనే కలిసి పక్కన ఉంటే మోనోబ్లాక్, నంబరు 375, 376, 389తో మొదలవుతుంది. అడుగున ఉంటే కాన్‌సెంట్రిక్. కాన్‌సెంట్రిక్‌లో 626 అంటే నోరు 26 మిల్లీలు, 930 అంటే 30. ఒళ్లు జింకు కలిసిన మెత్తటి లోహం కాబట్టి గట్టిగా బిగిస్తే ఫ్లాంజ్ వంగుతుంది. సమంగా ఉందో లేదో చూడటానికి మందపాటి గాజుముక్క వాడండి. కడప నాపరాయి ఎంత నున్నగా ఉన్నా ఈ పనికి చాలదు, కంటికి కనిపించని ఎత్తుపల్లాలుంటాయి.

లూకాస్ మ్యాగ్నెటో ఒంటి మీద రకం నంబరు, తిరిగే దిక్కు చూపే బాణం ఉంటాయి. రెండూ రాసుకోండి. దిక్కు తప్పితే అది మీ ఇంజిన్‌కు అలాగే పనికిరాదు. చేత్తో తిప్పినప్పుడు జిగటగా పట్టేస్తుంటే లోపలి చుట్ట మీది లక్క కరిగి కారిందని అర్థం. మన ఎండలకు రేకుల షెడ్డులో పడున్న మ్యాగ్నెటోల్లో ఇది సహజం. చుట్ట మార్పించే ఖర్చు కలుపుకునే కొనాలి.

నంబరు, పగులు

ఇప్పుడు నంబరు. ఉబ్బెత్తుగా ఉన్నవి పోత నంబర్లు, లోతుగా కొట్టినవి పంచ్ నంబర్లు. పోత నంబరు చాలాసార్లు పార్టు నంబరు కాదు. ఒకే పోతను వేర్వేరుగా చెక్కి వేర్వేరు మోడళ్లకు వాడేవాళ్లు. కాబట్టి దాన్ని పట్టుకుని సామాను తెప్పించుకోవద్దు. అయినా తరగతి చెబుతుంది: బీఎస్ఏలో 65తో మొదలైతే బీ వరస, 66 అయితే ఎం వరస, 67 అయితే ఏ7, ఏ10, 90 అయితే బాంటమ్. ట్రయంఫ్ ఇంజిన్ ముక్కలకు పాత రోజుల్లో నంబరు ముందు ఇంగ్లీషు 'E' అక్షరం ఉండేది.

ఇంజిన్ నంబరు ఎక్కువ బండ్లకు ఎడమ కేసు మీద, సిలిండర్ కూర్చునే అంచుకు కాస్త కింద ఉంటుంది. ఆ చోటు కిరోసిన్‌తో కడిగి, ఆరాక సుద్దముక్క అడ్డంగా రుద్ది, పైపైన గుడ్డతో తుడవండి. గుంటల్లో సుద్ద నిలిచి అంకెలు తెల్లగా లేస్తాయి. ఇంకా మసకగా ఉంటే కాగితం ఆనించి పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దండి. డబ్ల్యూఎం20 అని లేస్తే యుద్ధకాలపు బీఎస్ఏ. బాణం మొన లాంటి మూడు గీతల గుర్తు ఉంటే అది బ్రిటిష్ సైన్యం ముద్ర.

నంబరు చుట్టూ పోత గరుకు మాయమై ఆకురాయి గీతలు కనిపిస్తే, లేదా అంకెలు వంకరటింకరగా ఉంటే ఆ కేసు ముట్టుకోవద్దు, ఎంత చవకైనా సరే. మంచి నంబరున్న కేసుకైనా పాత ఆర్‌సీ కాపీ అడగండి. రేపు ఆ ఇంజిన్‌ను బండికి ఎక్కిస్తే ఆర్టీఓ ఆఫీసులో ఆర్‌సీ మీద ఇంజిన్ నంబరు మార్పించుకోవాలి, అప్పుడు ఈ కాగితమే ఆధారం.

పగులు చూడటం తేలిక. అనుమానమున్న చోట, ముఖ్యంగా ఫ్రేముకు బిగించే చెవుల మొదట్లో, బేరింగు గూళ్ల చుట్టూ కిరోసిన్ పూసి పది నిమిషాలు ఆగండి. పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి సుద్దపొడి చల్లండి. పగులుంటే లోపలి కిరోసిన్ ఊరి తెల్లపొడి మీద వెంట్రుకలాంటి తడి గీత గీస్తుంది. బీడు సిలిండర్‌ను తాడుకు వేలాడదీసి చిన్న పానాతో తట్టినా తెలుస్తుంది. మంచిది గంటలా మోగుతుంది, పగిలింది డొక్కుగా పలుకుతుంది. రెక్క విరిగితే బాధ లేదు, అతికించొచ్చు. బోర్‌లోకి పాకిన పగులుంటే లైనర్ (లోపల దింపే కొత్త గొట్టం) వేయించాలి.

కేసు రెండు సగాలూ అడుగున ఒకే జత నంబరుతో ఉన్నాయో లేదో ఆఖరున చూడండి. రెండింటినీ కలిపి బిగించాకే బేరింగు గూళ్లు చెక్కుతారు కాబట్టి వేరే జత సగం తెచ్చి కలిపితే షాఫ్టు సూటిగా కూర్చోదు. ఒక్క సగమే కనిపిస్తే రెండోదాని కోసం కుప్ప అడుగుదాకా వెతికించండి, సాధారణంగా అదే లోడులో వచ్చి ఉంటుంది. రెండూ దొరికాక ఒకే తీగతో కట్టి, కొలతలు రాసిన రేకుముక్క తగిలించి ఇంటికి తెచ్చుకోండి.