రక్షణ బూట్ల సంరక్షణ – 3వ పాఠం: తడిసిన బూటును ఆరబెట్టడం

గత పాఠంలో బూటు మీది బొగ్గు మసిని పొడి బ్రష్షుతో దులపడం నేర్చుకున్నాం. ఈ పాఠానికి అంతకంటే ఎక్కువ ఓపిక కావాలి. గోదావరిఖనిలోనో మందమర్రిలోనో బాయి (బొగ్గుగని) దిగే కార్మికుడికి నీళ్లలో నడవక తప్పని రోజులు ఉంటాయి. షిఫ్టు ముగిసి ఇల్లు చేరేసరికి బూటు బయట నీటితోను, లోపల చెమటతోను నానిపోయి ఉంటుంది. నేను చూసినంతవరకు పనిలో అరిగి పోయిన బూట్లకంటే, ఇంట్లో తొందరపడి ఆరబెట్టడం వల్ల పగిలిపోయినవే ఎక్కువ.

ముందుగా బురదను చల్లటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. బట్టలుతికే పొడి మాత్రం వాడకండి. ఈ బూట్ల తోలును సాధారణంగా క్రోమియం లవణాలతో పదును చేస్తారు, దాని స్వభావం కొద్దిగా ఆమ్లగుణమే. క్షారగుణం గల సబ్బుపొడి దానిలోని కొవ్వును లాగేసి తోలును బిరుసెక్కిస్తుంది. గ్రీజు అంటితే కిరోసిన్‌తో తుడిచే అలవాటు కొందరికి ఉంది. అది సోలును, అతికించిన జిగురును రెండింటినీ దెబ్బతీస్తుంది కనుక పొడి గుడ్డతో ఒత్తి తీయడమే మేలు.

తరువాత లేసును పూర్తిగా ఊడదీయండి. బూటు నాలుకను, అంటే లేసు కింద ఉండే పట్టీని, ముందుకు వంచి చూస్తే, దాని రెండు అంచుల మడతల్లో సన్నని నల్లటి ముద్ద కనబడుతుంది. అది చెమటతో కలిసిన బొగ్గుపొడి. ఆరితే ఇసుకలా గరుకుగా మారి, అడుగు వేసిన ప్రతిసారీ కుట్టుదారాన్ని కోస్తూ ఉంటుంది. పాత పళ్ల బ్రష్షుతో దాన్ని తీసివేయాలి. లోపలి అట్ట ఊడివచ్చేదైతే దాన్ని బయటికి తీసి విడిగా ఆరబెట్టండి, లేకపోతే దాని కింద చేరిన తడి ఎన్నాళ్లయినా ఆరదు, బూజు మొదలయ్యేది కూడా అక్కడే.

ఇక అసలు పని. పాత వార్తాపత్రికను ఉండలు చేసి, ముక్కు చివరి వరకు అందేలా, అయితే బూటు ఉబ్బిపోకుండా, వదులుగా కుక్కండి. గంట రెండు గంటల్లో తడిసిన కాగితం తీసి కొత్తది పెట్టండి. మొదటి రాత్రి కనీసం రెండుసార్లు మార్చాలి. సోలుకు కూడా గాలి తగిలేలా బూటును పక్కకు వాల్చి, నీడలో, ఫ్యాను గాలి తగిలేచోట ఉంచండి. ఎండలో గోడమీద పెట్టడం, పొయ్యి పక్కన పెట్టడం రెండూ తప్పే. తడి తోలు వేడికి త్వరగా ఆరినప్పుడు పోగులు ఒకదానికొకటి అతుక్కుని, తోలు అట్టలా గట్టిపడి, వేళ్ల దగ్గర వంగేచోట చీలుతుంది. ఒక వానాకాలం నేను ఇలాగే పొయ్యి పక్కన పెట్టి ఒక జతను పోగొట్టుకున్నాను. తెల్లవారి తొడుక్కోబోతే మడమ దిగలేదు.

తడిని అలాగే వదిలేయడమూ మంచిది కాదు. పాలీయురిథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన సోలు చెమ్మకు లోలోపల విచ్ఛిన్నమవుతుంది. పెట్టెలో ఏళ్ల తరబడి వాడకుండా దాచిన జత కూడా ఒక్కసారిగా పొడిగా రాలిపోవడానికి కారణం ఇదే. ముక్కులోని ఉక్కు టోపీ 200 జౌళ్ల దెబ్బను, అంటే సుమారు ఒక మీటరు ఎత్తు నుంచి పడే 20 కిలోల బరువును, తట్టుకునేలా తయారైనది. లోపల తడి నిలిచి అది తుప్పు పడితే ఆ భరోసా ఉండదు. అందుకే వీలైనవారు రెండు జతలను రోజు మార్చి రోజు వాడాలని నేను గట్టిగా చెబుతాను.

అభ్యాసం: ఆరిందనుకున్న బూటు ముక్కులో ఒక పొడి కాగితం ముక్కను గంటసేపు ఉంచి, తీసి పిడికిట్లో నలపండి. గరగరమంటే బూటు ఆరినట్టు, అప్పుడే పాలిష్ పట్టించవచ్చు. చప్పుడు లేకుండా మెత్తగా నలిగితే మళ్లీ కాగితం కుక్కి ఇంకో రాత్రి ఆగండి.